తలుపులకు సైకాలజీ ఎక్కిన తొమ్మిది రోజులు

పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులు

ఈ చిట్టాలో మామూలుగా తలుపుల సంగతులు రాస్తాను. ఏ తలుపుకు నూనె పెట్టాను, ఏది కిర్రుమంది, ఏ మడతబందులో చంద్రుడి బూడిద చేరింది, అంతే. ఇవాళ నా గోడు కూడా రాస్తున్నాను. రాయకపోతే పొట్ట పగిలిపోయేలా ఉంది.

నా పేరు యెరుబండి రామతులసి. యాభై ఒక్క ఏళ్ళు. చంద్రుడి మీద వెన్నెలపాలెంలో నలభై ఒక్క తలుపులకు కాపరిని. పదో తరగతి గట్టెక్కిన రోజున, ఇక ఈ జన్మలో పరీక్ష రాయనని కొబ్బరికాయ కొట్టి మరీ ఒట్టేసుకున్నాను. అప్పటికి భూమ్మీదే ఉన్నాను కాబట్టి కొబ్బరికాయ దొరికింది. ఇప్పుడు ఒట్టు గట్టున పెట్టాల్సి వచ్చింది.

పొద్దున్న పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. తలుపులకు బుర్రలున్నాయి గనుక, బుర్ర ఎలా నేర్చుకుంటుందో తెలిసినవాళ్ళే వాటిని చూసుకోవాలట. అందుకని కాపరులందరూ ప్రాథమిక మనస్తత్వశాస్త్రంలో పాసవ్వాలట. ఫెయిలైతే ఆ ఊరి తలుపులన్నిటినీ కడిగేస్తారట. కడగడమంటే నీళ్ళతో కాదు. బుర్ర తుడిచేసి, అన్ని ఊళ్ళకూ ఒకటే అచ్చు పోస్తారు. ఉత్తరంతో పాటు పదకొండు అధ్యాయాల పుస్తకం కూడా పంపారు. ఎత్తితే ఈకలా ఉంది. ఇక్కడ అన్నీ ఈకల్లాగే ఉంటాయిలెండి, లోపల ఉన్నదే బరువు.

నలభై తలుపులను కడిగితే ఏడుస్తాను, ముక్కు చీదుకుని ఊరుకుంటాను. బుల్లెమ్మను కడిగితే మాత్రం తట్టుకోలేను.

బుల్లెమ్మ ఏడో నంబరు తలుపు. వంటసాలకూ, బయటి షెడ్లకు పోయే సొరంగానికీ మధ్య ఉంటుంది. మా తలుపులకు నాలుగే మాటలు వచ్చు: ఎవరండీ, రండి, ఆగండి, వెళ్ళిరండి. మనం పేరు చెప్పాలి, తలుపు మన గొంతూ అడుగుల చప్పుడూ పోల్చుకోవాలి, అప్పుడు తీస్తుంది. పేరు లేకుండా తీస్తే ఊరి గాలి సొరంగంలోకి పోతుంది, సొరంగంలో బూడిద అన్నంలోకి వస్తుంది. బుల్లెమ్మ మాత్రం తొమ్మిదేళ్ళుగా సాయంత్రం సరిగ్గా ఆరింటికి, ఎవరూ పేరు చెప్పకుండానే, "రండి" అని తీసేస్తుంది. అవతల ఎవరూ ఉండరు.

ఒకప్పుడు గవరమ్మత్త ఉండేది. నాకీ పని నేర్పిన మనిషి. బుల్లెమ్మకు పేరు పెట్టిందీ ఆవిడే. రోజూ ఆరింటికి షెడ్ల నుంచి వచ్చేది, నేను ఇవతల టీ గ్లాసు పట్టుకుని నిలబడేదాన్ని. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది. నేను ఇప్పటికీ ఆరింటికి టీ గ్లాసుతో వెళ్తాను. బుల్లెమ్మ తీస్తుంది. ఇద్దరం కాసేపు ఖాళీ సొరంగం చూస్తాం. "భేష్ బుల్లెమ్మా" అని చట్రం మీద తడతాను. అది మూసుకుంటుంది. పెద్దాఫీసు కాగితాల్లో దీన్ని లోపం అని రాశారు.

ఇంకో మాట ఉంది. రాయకూడదు, రాసేస్తున్నాను. బందులకు నూనె పెట్టే వేళ తలుపు చెవి విప్పుతుంది. అప్పుడు కొత్తగా పుట్టినవాళ్ళ పేర్లూ, పోయినవాళ్ళ పేర్లూ చెప్పాలి. పోయినవాళ్ళ పేరు వినగానే తలుపు "వెళ్ళిరండి" అని ఆ పేరు వదిలేస్తుంది. గవరమ్మత్త పేరు నలభై తలుపులకు చెప్పాను. బుల్లెమ్మకు చెప్పలేదు. చెబితే ఆరింటికి తీయడం మానేస్తుందని నా భయం.

పరీక్షకు ఇంకా ఎనిమిది రోజులు

చదువుకు తీరికెక్కడ? తెల్లారి లేస్తే తలుపులే. అందుకని ఒక ఉపాయం చేశాను. ఎడమ చేత్తో పుస్తకం, కుడి చేత్తో ఆముదం గుడ్డ. బందులు తోముతూ గొంతెత్తి చదువుతున్నాను. గొంతెత్తకపోతే నాకు బుర్రకెక్కదు, చిన్నప్పటి నుంచీ అంతే.

నూనె చేతిలో ఉంటే నోట్లో పేర్లే ఉండాలి అనేది గవరమ్మత్త. పాతకాలపు పట్టింపు. తలుపులకు పేర్లు తప్ప ఇంకేం ఎక్కుతాయి?

మొదటి పాఠం భలేగా ఉంది! ఒక కుక్కకు అన్నం పెట్టేముందు రోజూ గంట కొట్టారట. కొన్నాళ్ళకు అన్నం లేకపోయినా గంట వినగానే దానికి నోరూరిందట. దీన్ని నిబంధనం అంటారు. రెండో పాఠం పునర్బలనం. చేసిన పనికి మెప్పు దొరికితే ఆ పని మళ్ళీ చేస్తాం. రోజూ దొరికే మెప్పు కంటే, ఒకసారి దొరికి రెండుసార్లు దొరకని మెప్పు మనల్ని ఇంకా గట్టిగా కట్టేస్తుందట. ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి చేస్తూనే ఉంటామట.

ఇది వంటసాల లోపలి తలుపు, పన్నెండో నంబరు దగ్గర చదివాను. లోపల భద్రం బాబాయ్ దోసెలేస్తున్నాడు. ఊరంతటికీ వంటమనిషి, అరవై ఆరేళ్ళు. ఇక్కడ దోసె తిప్పాలని అట్లకాడతో ఇలా అంటే చాలు, కప్పుకంటుకుంటుంది. కప్పు నిండా దోసెల మచ్చలే.

"ఏటమ్మా తులసీ, దేనికా కేకలు?" అన్నాడు.

"చదువుతున్నా బాబాయ్. నీకో ప్రశ్న. నువ్వు గరిటె మోగించగానే ఊళ్ళో అందరికీ నోరూరుద్దా లేదా?"

"నోరూరడవేంటి, పరిగెత్తుకొచ్చేత్తారు!"

"అదే నిబంధనం."

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఇరవయ్యేళ్ళ నుంచీ నేను సైకాలజీ చేత్తన్నానా అయితే?" అని పొంగిపోయి నాకు రెండు దోసెలు ఎక్కువ వేశాడు.

పరీక్షకు ఇంకా ఏడు రోజులు

పన్నెండో నంబరుకు ఏమైందో తెలియడం లేదు. పేరు చెబితే ఒకసారి తీస్తుంది. ఇంకోసారి "ఆగండి" అంటుంది. మూడోసారో, అయిదోసారో తీస్తుంది. బందులు విప్పి చూశాను, బూడిద లేదు.

విచిత్రమేమిటంటే జనానికి కోపం రావడం లేదు. టిఫిన్ వేళ ఆ తలుపు ముందు ముప్పై మంది వరసగా నిలబడి ఒక్కొక్కరూ పేరు చెప్పి చూసుకుంటున్నారు. తీస్తే చప్పట్లు, ఈలలు. తీయకపోతే "అబ్బా!" అని వెనక్కెళ్ళి మళ్ళీ వరసలో నిలబడుతున్నారు. లోపలికి వెళ్ళినవాళ్ళు తినడం మానేసి బయటికొచ్చి మళ్ళీ ఆడుతున్నారు. భద్రం బాబాయ్ ఉప్మా చల్లారిపోయింది.

నేనూ ఆడాను. పదకొండుసార్లు. మూడుసార్లు గెలిచాను. తర్వాత వెళ్ళి ఇరవై ఆరో నంబరుకు నూనె పెడుతూ జ్ఞాపకశక్తి అధ్యాయం చదువుకున్నాను. మనిషి బుర్రలో ఒక్క విడతకు ఏడు సంగతులు నిలుస్తాయట, అటూ ఇటూగా.

పరీక్షకు ఇంకా ఆరు రోజులు

కొంప మునిగింది!

ఇరవై ఆరో నంబరు గుత్తులవారి ఇంటి తలుపు. వాళ్ళింట్లో ఎనిమిది మంది. పొద్దున్నే నూకయ్య తాత బయట నిలబడి నన్ను కేకేశాడు. ఇంట్లో ఏడుగురినీ "రండి" అన్న తలుపు ఆయన్ను మాత్రం "ఎవరండీ?" అంటోంది. "గుత్తుల నూకయ్యనే!" అంటాడాయన. "ఎవరండీ?" అంటుంది అది. అప్పటికి నలభై సార్లయింది. కోడలిని బయటికి రమ్మంటే ఆయన్ను రానిచ్చింది. ఇప్పుడు కోడల్ని "ఎవరండీ?" అంటోంది.

"ఏవమ్మా తులసమ్మా, నీ తలుపుకి ఏడు దాకానే లెక్కొచ్చా ఏటి?" అన్నాడు తాత.

ఏడు అన్న మాట వినగానే నా చేతిలో గుడ్డ జారింది. గుడ్డ నేలకు చేరేలోపు నాకంతా అర్థమైపోయింది. ఇక్కడ గుడ్డ నేలకు చేరడానికి చాలాసేపు పడుతుంది.

పాఠాలు నాకెక్కుతున్నాయో లేదో గానీ తలుపులకు ఎక్కుతున్నాయి! నేను పన్నెండో నంబరుకు పునర్బలనం చదివాను, అది జనం మీద ప్రయోగం చేస్తోంది. ఇరవై ఆరుకు జ్ఞాపకశక్తి చదివాను, అది మనిషి బుర్రలాగే ఏడింటికి సర్దుకుంది. అత్తా, గవరమ్మత్తా, ఎంత మాట చెప్పావే తల్లీ, నేను గాలికొదిలేశాను.

ఇంకా ఘోరం ఉంది. తలుపులు గోడల్లోంచి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒకదానికి ఎక్కినది వారంలో అన్నిటికీ పాకుతుంది. ఇప్పటికి అయిదు అధ్యాయాలు చదివాను. నిన్న సాయంత్రం చదివినది సమూహ ప్రవర్తన. సొరంగం తలుపుల దగ్గర, గొంతు చించుకుని.

పెద్దాఫీసుకు తెలిస్తే పరీక్షదాకా ఆగరు, రేపే కడిగేస్తారు. నవ్వు కూడా వస్తోంది. ఏడుపు మధ్యలో నవ్వొస్తే ఎక్కిళ్ళు వస్తాయి, ఎక్కిళ్ళతోనే రాస్తున్నాను.

పరీక్షకు ఇంకా అయిదు రోజులు

భద్రం బాబాయ్ సాంబారు బిందెతో సొరంగంలో ఇరుక్కుపోయాడు.

షెడ్లలో పనివాళ్ళకు భోజనం పట్టుకెళ్తున్నాడు. ఒక గదిలోకి అయిదు తలుపులు తెరుచుకునే చోటుంది. అక్కడ నిలబడి "పేరు భద్రం, తియ్యండర్రా" అన్నాడట. ఒక్కటీ తీయలేదు. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి బయటి అద్దంలోంచి కనిపించాడు. కోపంతో గెంతుతున్నాడు. గెంతినప్పుడల్లా సాంబారు గోళాలుగా పైకి లేచి మెల్లగా దిగుతోంది, ఆయన బిందెతో వాటిని పట్టుకుంటున్నాడు. ఒక ములక్కాడ ముక్క ఆయన తల చుట్టూ తిరిగొచ్చింది.

"తులసీ! ఏటిదంతా? అయిదు తలుపులున్నాయి, ఒక్కదానికీ సిగ్గు లేదా?"

"అయిదున్నాయి కాబట్టే బాబాయ్!" అని అరిచాను. మొన్న అక్కడ చదివింది అదే మరి. సాయం చేయగలిగినవాళ్ళు ఒక్కరే ఉంటే చేస్తారు. నలుగురుంటే పక్కవాళ్ళు చేస్తారులే అని ఎవరికి వాళ్ళు ఊరుకుంటారు. నా పాఠం విని తలుపులూ అలాగే ఊరుకున్నాయి. పుస్తకంలో మందు కూడా ఉంది: గుంపును అడగొద్దు, ఒకరిని పేరు పెట్టి అడగండి.

"బాబాయ్, అందర్నీ అడక్కు! ఒక తలుపుని చూసి, నంబరు పెట్టి, నువ్వే తియ్యాలి అని చెప్పు!"

ఆయన సాంబారు గడ్డం తుడుచుకుని, వేలు చూపించి, "ఒసేయ్ పద్దెనిమిదీ! నిన్నేనే! నువ్వే తియ్యాలి!" అన్నాడు.

"రండి" అంది పద్దెనిమిది. తీసింది!

నేను అక్కడే గెంతాను. కప్పు తగిలి బొప్పి కట్టింది, అయినా మళ్ళీ గెంతాను. పుస్తకం పనిచేస్తోంది! రోగం పుస్తకంలోంచే వచ్చింది, మందూ అందులోనే ఉంది. ఇక తలుపులకు చదవను. తలుపుల కోసం చదువుతాను.

పరీక్షకు ఇంకా మూడు రోజులు

నిన్న వంటసాలలో ఊరందరినీ కూర్చోబెట్టి నిజం చెప్పేశాను. నూనె వేళ చదివానని, తప్పు నాదేనని. తిడతారనుకున్నాను. నూకయ్య తాత పకపకా నవ్వాడు, ఆయన్ను చూసి అందరూ నవ్వారు. తర్వాత తలుపులను కడిగేస్తారని చెప్పాను. నవ్వు ఆగిపోయింది. ప్రతి ఇంటి తలుపుకూ ఆ ఇంట్లో పుట్టిన పిల్లల తొలి ఏడుపు తెలుసు.

ఉపాయం చెప్పాను. పుస్తకంలో దాని పేరు విరమణ. మెప్పు ఆగితే అలవాటు ఆగుతుంది. తలుపు ఆటలాడితే ఎవరూ నవ్వకూడదు, చప్పట్లు కొట్టకూడదు, తిట్టకూడదు కూడా. గోడను చూసినట్టు చూసి వెళ్ళిపోవాలి. ఒక్క మాటకే సరిగ్గా తీస్తే మాత్రం "భేష్" అనాలి.

"నవ్వకుండా ఎలాగండీ? అది ఏడో మనిషిదాకా రానిచ్చి మావగారి మొహం మీద మూసేత్తంటే!" అంది గుత్తులవారి కోడలు.

"పళ్ళు బిగబట్టుకోమ్మా" అన్నాను.

ఇవాళ ఏం జరిగిందో రాస్తే నమ్మరు. మెప్పు ఆగగానే తలుపులకు పిచ్చెక్కింది. నలభై తలుపులూ పొద్దుటి నుంచి తెరుచుకోవడం, మూసుకోవడం. రండి ఆగండి రండి ఆగండి ఎవరండీ వెళ్ళిరండి అని ఊరంతా ఒకటే గోల. ఊరివాళ్ళు బుగ్గలు ఉబ్బించుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, గోడలను చూస్తూ నడుస్తున్నారు. భద్రం బాబాయ్ నవ్వాపుకోలేక పిండి డబ్బాలో తలపెట్టాడు, తీసేసరికి బూచిలా ఉన్నాడు. దాంతో అందరి వ్రతం చెడింది.

సాయంత్రానికి ఇంకా పెరిగిందే తప్ప తగ్గలేదు.

"పుత్తకంలో ఉందని నువ్వే చెప్పావు కదమ్మా, తగ్గేముందు ఓసారి పెరుగుద్దని. పెరిగిందంటే నీ వైద్యం పనిచేత్తన్నట్టే కదా?" అన్నాడు భద్రం బాబాయ్, పిండి దులుపుకుంటూ.

నేను చదివి మర్చిపోయినది ఆయన విని గుర్తుపెట్టుకున్నాడు.

పరీక్షకు ఇంకా ఒక్క రోజు

నిశ్శబ్దం! నలభై తలుపులూ పేరు అడిగి, ఒక్క మాటకు తీస్తున్నాయి. నూకయ్య తాత తన ఇంట్లోకి తను నడిచి వెళ్ళి, మళ్ళీ బయటికొచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళి చూసుకున్నాడు. ఎనిమిది మందీ పట్టారు.

నలభై ఒకటోది బుల్లెమ్మ. దానికి నేను ఏ పాఠమూ చదవలేదు, గోడల్లోంచి పాకిన పాఠాలేవీ దానికి అంటినట్టు లేవు. దాని లోపం ఒక్కటే, ఆరింటికి తీయడం. రేపు పరీక్షకు వచ్చేవారు చూసేది ఆ ఒక్కటే. పాఠం ప్రకారం నేను కూడా ఆరింటికి వెళ్ళి "భేష్" అనకూడదు. అది ఖాళీ సొరంగానికి తెరుచుకుని, మూసుకుని, కొన్నాళ్ళకు మానేస్తుంది.

ఆరయింది. నా గదిలో మంచం మీద కూర్చుని రెండు చేతులూ కాళ్ళ కింద పెట్టుకున్నాను. కళ్ళ ముందు అదే. బుల్లెమ్మ తీసి ఉంటుంది, ఇవతల ఎవరూ ఉండరు, అవతలా ఎవరూ ఉండరు. ఏడు నిమిషాలు ఓర్చుకున్నాను. తర్వాత టీ పోసుకునే తీరిక కూడా లేక ఖాళీ గ్లాసుతో పరిగెత్తాను. నేను వెళ్ళి నిలబడ్డాకే బుల్లెమ్మ "రండి" అని తీసింది. ఆరూ ఏడుకు. దాని గడియారం ఎప్పుడూ తప్పదు, ఇదేమిటో మరి. బందుల్లో బూడిద చేరి ఉంటుంది.

"భేష్ బుల్లెమ్మా" అనేశాను. నేను ఫెయిలవుతాను.

పరీక్ష రోజు

వరసగా రాస్తాను.

పరీక్ష పెట్టేవారి పేరు ఆకెళ్ళ మృణాళినిగారు. నాకంటే చిన్నావిడే, చాలా నెమ్మదైన గొంతు. బండి దిగగానే ఆవిడ అడిగిన మొదటి మాట: "మీ తలుపుల చిట్టా ఇవ్వండి, భోజనం చేస్తూ చదువుకుంటాను."

చిట్టా! ఇదే! గోడు రాశాను, ఎక్కిళ్ళతో రాశాను, గవరమ్మత్త పేరు దాచిన సంగతీ రాశాను. నా రెండు చేతులతో నేనే ఇచ్చాను. ఆవిడ దోసె తింటూ ఒక్కో పేజీ తిప్పింది. నాకు ఆకలి చచ్చింది. ఆవిడ ఒకచోట నీళ్ళు తాగుతూ పొలమారింది. ఏ పేజీ అని నేను అడగలేదు.

తర్వాత నోటి ప్రశ్నలు. నిబంధనం చెప్పాను. పునర్బలనం, జ్ఞాపకశక్తి, అన్నీ చెప్పాను. నాకు పుస్తకం గుర్తు రాలేదు, తలుపులు గుర్తొచ్చాయి.

"చిన్న కోరిక ఒప్పించుకుని, దాని మీద పెద్ద కోరిక కోరడాన్ని ఏమంటారు?"

"తలుపు సందులో కాలు పెట్టడం అంటారండి. మా ఊళ్ళో అలా పెడితే కాలు విరుగుద్దండి."

ఆవిడ పెదవి బిగించింది. గోడను చూసింది. మా ఊరివాళ్ళు మొన్న చూసినట్టే చూసింది.

ఆరుకు పావుగంట ఉందనగా బుల్లెమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. భద్రం బాబాయ్ కూడా వచ్చాడు.

"రామతులసిగారూ, చివరి ప్రశ్న. మెప్పు ఆగితే అలవాటు ఆగుతుందని మీరే చెప్పారు. గవరమ్మగారు రాక తొమ్మిదేళ్ళయింది. మరి ఈ తలుపు అలవాటు ఎందుకు ఆగలేదు?"

"ఆవిడ పేరు నేను చెప్పలేదండి. తప్పేనండి. ఆవిడ వస్తుందని ఇది ఇంకా..."

"పేరు సంగతి చదివాను. అది వేరే. తొమ్మిదేళ్ళు ఒక్కసారైనా ఆవిడ వచ్చారా?"

"లేదండి."

"అయితే ఆగిపోవాలి. ఎందుకు ఆగలేదు? పోనీ ఇది చెప్పండి. నిన్న ఏడు నిమిషాలు ఆలస్యంగా ఎందుకు తీసింది?"

నేను బందుల వైపు చూశాను. బందులు తళతళలాడుతున్నాయి.

"ఈ మూల వెనక్కి రండి, చప్పుడు చేయకండి" అని నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. టీ గ్లాసు భద్రం బాబాయ్ చేతికిచ్చి నేను నిలబడే చోటే నిలబెట్టింది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం.

ఆరయింది. బుల్లెమ్మ తీయలేదు.

ఆరూ ఒకటి. ఆరూ రెండు. భద్రం బాబాయ్ ఉండబట్టలేక కాలు కదిపాడు.

"ఎవరండీ?" అంది బుల్లెమ్మ.

ఆయన బిక్కమొహం వేసి మా వైపు చూశాడు. మృణాళినిగారు నా వీపు మీద మెల్లగా చేయి వేసి ముందుకు తోసింది. మూల తిరిగి రెండడుగులు వేశాను. నోరు విప్పలేదు, పేరు చెప్పలేదు.

"రండి" అంది బుల్లెమ్మ. బార్లా తీసింది.

తొమ్మిదేళ్ళు! అది గవరమ్మత్త కోసం తీస్తోందని తొమ్మిదేళ్ళు నేను వచ్చాను. నేను వచ్చి తడతానని తొమ్మిదేళ్ళు అది తీసింది. మధ్యలో జ్వరమొచ్చి రెండు మూడుసార్లు రాలేదు. దాంతో ఇంకా గట్టిపడింది, పన్నెండో నంబరు ముందు ఊరంతా వరస కట్టినట్టు.

"ఇప్పుడు చెప్పండి, ఎందుకు ఆగలేదు?" అంది మృణాళినిగారు.

"మెప్పు ఆగలేదండి. మెప్పు నేనేనండి."

"మరి మాన్పించగలరా?"

"ఆయ్, తేలికేనండి. ఓ పదిహేను రోజులు ఆరింటికి నేను రాకపోతే చాలు." ముక్కు తుడుచుకున్నాను. "కానండి, నేను రాకుండా ఉండాలంటే ముందు నాకు మాన్పించాలి. అది తీస్తుందని నేనొస్తన్నాను కదండీ. దానికి నేను నేర్పానో, నాకది నేర్పిందో, ఎవరు ఎవరికి కాపరో నాకు తెలవట్లేదండి. ఈ ప్రశ్నకి మార్కులు వేయకపోయినా పర్వాలేదు, దాన్ని మాత్రం కడగకండి."

ఆవిడ పెన్ను తీసి, లోపం అని ఉన్న చోట గీత కొట్టి, పక్కన రాసింది. తలకిందులుగా చదివాను: "ఏడో తలుపు కాపరిని సరిగ్గా గుర్తుపడుతోంది. ప్రతి సాయంత్రం పరీక్షించబడుతోంది. కడగనవసరం లేదు." కింద ఇంకో ముక్క: "ఉత్తీర్ణురాలు."

భద్రం బాబాయ్ టీ గ్లాసు గాల్లోకి విసిరాడు. టీ అంతా ముద్దగా పైకి లేచింది, దిగేలోపు ఊరంతా వచ్చేసింది. నూకయ్య తాత గెంతాడు. నేనూ గెంతాను, రెండో బొప్పి.

వెళ్ళేముందు ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "ఆ పేరు మాత్రం చెప్పెయ్యండమ్మా. పోయినవాళ్ళందరి పేర్లూ చెప్పినట్టే ఆవిడది కూడా చెప్పాలి కదా" అంది. సరేనన్నాను. ఆవిడ బుల్లెమ్మ ముందు నిలబడి తన పేరు చెప్పింది. "ఆగండి" అంది బుల్లెమ్మ. మళ్ళీ చెప్పింది. "ఆగండి." పాఠాలు కాస్త అంటుకున్నాయన్నమాట, దీనికీను. మూడోసారి మృణాళినిగారు ఇక నవ్వాపుకోలేకపోయింది, తలుపుకు చేరగిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పుడు తీసింది.

పరీక్ష అయిన మర్నాడు

పొద్దున్న ఆముదం గుడ్డ తీసుకుని బుల్లెమ్మ దగ్గర కూర్చున్నాను. పుస్తకం తీసుకెళ్ళలేదు. మూడు బందులూ తోమాను. కొత్తగా పుట్టిన ఇద్దరు పిల్లల పేర్లు చెప్పాను. తర్వాత చాలాసేపు పాత మచ్చ ఒకటి రుద్దుతూ కూర్చున్నాను.

"వాసంశెట్టి గవరమ్మ" అన్నాను. మళ్ళీ అన్నాను. "మన గవరమ్మత్తే, బుల్లెమ్మా."

గోడల్లో ఏదో సన్నగా చప్పుడైంది.

"వెళ్ళిరండి" అంది బుల్లెమ్మ.

ఏడ్చాను. బాగా ఏడ్చాను, ఇక్కడ కన్నీళ్ళు జారడానికి కూడా చాలాసేపు పడుతుంది. తర్వాత లేచి మిగతా నలభై తలుపుల పని చూసుకున్నాను.

సాయంత్రం ఆరుకు టీ పోసుకుని వెళ్ళాను. తీయకపోతే తీయకపోనీ అని గుండె చిక్కబట్టుకునే వెళ్ళాను. ఆరయింది.

"రండి" అంది.

భేష్ అనలేదు. తీసిన తలుపులోంచి సొరంగంలోకి నడిచి వెళ్ళి, అవతలి వైపు నుంచి తిరిగి, గవరమ్మత్త వచ్చినట్టే వచ్చాను. బుల్లెమ్మ తీసే ఉంచింది.